నల్లచెవి నేర్చుకుంది

“నీ చేత్తో పెడితేనే నాకు తిన్నట్టుంటది” అని పెళ్లయిన కొత్తలో ప్రభు అన్నప్పుడు సంపూర్ణ తెగ మురిసిపోయింది. కాపురం పాతబడేసరికి ఆ ముద్దంతా ఎటో పోయి, చేతిలో గరిటె మాత్రం మిగిలింది. పొద్దుగూకాక ప్రభు వైరా నుంచి ఆటో తోలుకొచ్చి పీట మీద కూర్చుంటాడు. అత్త కళ్లు మూసుకుని, ఆహారం ఇచ్చిన దేవుడికి ప్రార్థన చేస్తుంది. ఆ ప్రార్థనలో సంపూర్ణ ఏనాడూ కూర్చోలేదు. ఆమెన్ అనేసరికి కంచాల్లో అన్నం పడాలి కదా, పొయ్యి దగ్గర నిలబడే వింటుంది.

ఏన్కూరు దగ్గరి డెయిరీలో ఆమె పాలు పితికేది. ఈ ఏడు అక్కడికి పాలు పితికే మర వచ్చింది. మనిషి చెయ్యి అక్కర్లేదట. ఆవు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి గేట్లో నిలబడితే, మెడ పట్టీని బట్టి ఏ ఆవో మర పోల్చుకుంటుంది. తొట్టిలో దాణా పడుతుంది. ఇనుప చెయ్యి ఒకటి కింద నుంచి వచ్చి పొదుగు కడిగి, ఎర్రటి వెలుగుతో చన్నులు వెతుక్కుని గొట్టాలు తగిలిస్తుంది. ఇందాకే పాలిచ్చి దాణా ఆశకు మళ్లీ వచ్చిన ఆవుకు ఏమీ పెట్టకుండా అవతలి గేటు తెరుస్తుంది. సంపూర్ణకు ఎంత చూసినా తనివి తీరలేదు. పాలెప్పుడివ్వాలో ఆవే చూసుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే! చీకటితో లేచి అందరి వేళలకూ పరిగెత్తే తనను, నీకెప్పుడు వీలని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

బెదిరే ఆవులను మర దాకా తోలడం ఇప్పుడామె పని. ఆ పనీ తీరిపోవచ్చింది. సాయంత్రం షిఫ్టులో మర కంప్యూటరు తెర చూసుకునే పనిస్తాం, రేపటికల్లా చెప్పమంది డెయిరీ డాక్టరమ్మ సుజన. ఇంట్లో చెబితే ప్రభు ఒకటే అడిగాడు. “నేనొచ్చేసరికి అన్నం ఎవలు పెడతరు?” ఆడది లేని పొద్దు ఇల్లు ఇల్లేనా అని అత్త అందుకుంది. ఆ తెర పని మీదేమో సంపూర్ణకు ప్రాణమంతా ఉంది.

మర్నాటికి ఆవులన్నీ మరకు మరిగాయి, నల్లచెవి తప్ప. సంపూర్ణ వీపు నిమిరి “దా తల్లీ” అంటేగాని అది గేటు దాటదు. నా చెయ్యి తగలందే అది పాలు చేపదని ఆమెకు లోలోపల గర్వం. సుజన ఆమెను దాణా గదిలోకి వెళ్లి కనబడకుండా ఉండమంది.

“పొదుగు సలుపుతదమ్మా, పాపం.”

“నువ్వు పక్కన నిలబడ్డన్ని రోజులు దానికి నేర్చుకునే అవసరమేముంది అక్కా?”

సంపూర్ణ దాణా గది కిటికీ సందులోంచి చూస్తూ నిలబడింది. నల్లచెవి అరిచింది. చుట్టూ చూసింది. మళ్లీ అరిచింది. సంపూర్ణ కాళ్లు తలుపు వైపు పోతుంటే బస్తా పట్టుకుని ఆగింది. కాసేపటికి ఆవు విసుగ్గా తోక విదిలించి, తనంతట తానే లోపలికి నడిచి తొట్టిలో మూతి పెట్టింది. ఇనుప చేతికే శుభ్రంగా చేపింది.

“దొంగమొహమా!” అని సంపూర్ణ నవ్వింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఎవరి కోసం తాను ఇన్నేళ్లు నిలబడిందో అనిపించింది. ఇంటికి పోయే ముందు సుజనకు సరేనని చెప్పింది.

ఆ రాత్రి వండినవన్నీ పొయ్యి మీదే ఉంచి, అత్త పక్కన వచ్చి కూర్చుంది. అత్త ఒక కన్ను తెరిచి చూసి, ప్రార్థన ఇంకొంచెం సాగదీసింది. ఆమెన్ అయింది. కంచాలు ఖాళీగా ఉన్నాయి.

“అన్నమేది?” అన్నాడు ప్రభు.

“పొయ్యి మీద ఉంది. రేపటి సంది నాది సాయంత్రం షిఫ్టు.”

సంపూర్ణ మోకాళ్లు అలవాటు కొద్దీ లేవబోయాయి. రెండు చేతులతో అదిమి పట్టుకుంది. చాలాసేపు కూర్చుని కూర్చుని ప్రభు లేచి వెళ్లాడు. గిన్నెల మూతలు చప్పుడయ్యాయి.

“గరిటె ఏడున్నది?” అని లోపల్నుంచి అరిచాడు.

ఎక్కడుందో సంపూర్ణకు తెలుసు. చెప్పలేదు.