ముందు విమానం వంక చూస్తూ

అయినా కబాబ్ తిప్పుతూ చెప్పాల్సిన మాటేనా అది, అనుకుంది ఆరిఫా, మధ్యాహ్నపు ఎండ పారమట్టా ఆఫీసు అద్దాల్లోంచి పడి కంప్యూటర్ తెర సగం తెల్లబోయింది, మిగతా సగంలో ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాం, టీంలో అందరి పేర్ల పక్కనా ఓకే ఉంది, ఆమె పేరు పక్కనే ఖాళీ, వచ్చే జనవరి ఒకటిన ఇది రెండు వేల సంవత్సరాన్ని పందొమ్మిది వందలుగా చదివిందా, గడువు తీరిన రక్తం తాజా రక్తమై కూర్చుంటుంది, ఎవరికో ఎక్కిస్తారు, కానీ టీం లీడ్ ఈశ్వరప్రసాద్ గారు పొద్దున్నే, నేను చూసేశానండీ ఆరిఫా గారూ, మీరూ ఓకే కొట్టేయండి, ఈ ఆర్వోనే క్లయింట్‌కి ఇచ్చేద్దాం అన్నారు, మధ్యాహ్నాన్ని ఇక్కడివాళ్ళలా ఆర్వో అనడం ఆయనకి ఈ దేశమొచ్చాక పట్టుకున్న ముచ్చట, ఆయన చూశాక మళ్ళీ చూడటం బాగుండదు, ఆయన కొడితే అందరూ కొట్టడమే ఇక్కడి పద్ధతి.

పద్ధతి అనే అన్నాడు మొన్న కబాబ్ తిప్పుతూ లాయిడ్ అంకుల్ కూడా, ఆమె ఉండే గిరావీన్‌లో పక్కింటాయన, అమెరికన్, రెండో ప్రపంచయుద్ధమయ్యాక ఇక్కడి నర్సును పెళ్ళాడి ఉండిపోయాడు, ఆరిఫా తెచ్చే హలాల్ మాంసానికి పెరట్లో బార్బీ పొయ్యి మీద వేరే పెనం పెట్టేంత మంచివాడు, యుద్ధంలో విమానంలోంచి బాంబులు వదలడం ఆయన పని, ఇంగ్లీషు వాళ్ళు రాత్రిళ్ళు వెళ్ళేవాళ్ళమ్మా, మేం పట్టపగలే, దేనిమీద వేస్తున్నామో కనబడాలని, కనబడేదా అంకుల్, ఏమో, మొదట్లో ఎవరి గురి వాళ్ళదే, బాంబులు చెల్లాచెదురవుతున్నాయని పద్ధతి మార్చారు, ముందు విమానం వదిలితే వెనకవాళ్ళందరం వదలాలి, ఇక కిందికి చూసే పనేముంది, దాని పొట్ట వంక చూడటమే, ఫ్రాన్స్‌లో ఒక రేవు దగ్గర ముందువాడు తొందరపడ్డాడు, మేమూ తొందరపడ్డాం, రేవు అలాగే ఉంది, పక్కన ఊరు పోయింది, ఇంకో కబాబ్ వేయనా.

వేయించుకుంది, తినేసింది కూడా, ఇప్పుడు తలుచుకుంటే ఆ పెద్దాయన మీద కోపం రావాలి, రావడం లేదు, పక్క సీటు వైపు తిరిగి, శ్రీదేవి గారూ, మీరు టెస్ట్ చేశారా, అంటే, సర్ చూశారు కదండీ, అని శ్రీదేవి టీకి లేచింది, చూసి ఉంటారు, ఉంటారేమిటి, అడిగితే ఏం పోతుంది, పోతే కాంట్రాక్టు పోతుంది, దాంతో వీసా, ఫోను తీసి ఈశ్వరప్రసాద్ గారికి కలిపింది, సర్, తేదీ రెండు వేలకి మార్చి నడిపి చూశారా, అవతల అదే మంచి గొంతు, కోడ్ చదివి చూశానండీ, నడపలేదు, టైం ఏదీ, మీరంతా ఉన్నారు కదా వెనక.

సరే సర్, నేను నడిపి చెప్తాను, ఈ ఆర్వో కాదు, అంది, భయమేసింది, నిజంగానే భయమేసింది, ఇంత వెలుతురులో ఇంతమంది, వెనకవాళ్ళ ధైర్యం ఆయన, ఆయన ధైర్యం వెనకవాళ్ళు, కింద ఆసుపత్రి మంచం మీద చెయ్యి చాపి పడుకున్న మనిషి వంక మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు, ఆరిఫా కూడా.