ఆ మెసేజ్ మన బ్యాంకుకి వచ్చిందా?

"ముందు కూర వడ్డించు" అన్నారు మా ఆయన, నేను అడిగినదానికి జవాబుగా.

నేను అడిగింది చిన్న మాటే. "ఆ మెసేజ్ మన బ్యాంకుకి వచ్చిందాండీ?" అని. పాయకరావుపేట నుంచి వచ్చిన బ్రోకరు సూర్యనారాయణ అప్పుడే తన ఫోను మా ముందు పెట్టాడు. మా సరుకు కొంటామన్న దుబాయి పార్టీ దగ్గర సరిపడా డబ్బు ఉందని వాళ్ళ బ్యాంకు మన బ్యాంకుకి కబురు పంపిందట, ఇది దాని కాపీ అట. మా బావగారు త్రినాధరావు చేతులు తుడుచుకుని మరీ ఆ ఫోను అందుకున్నారు. నా చేతిలో కోడికూర గిన్నె ఉంది. వడ్డించాను.

బెల్లం పొడి ఎగుమతి చేసే మా సంస్థకి నేను ప్రొప్రైటర్ని. బోర్డు మీద 'రాజశ్రీ' అని నా పేరే ఉంటుంది. ఆడవాళ్ళ పేరున లోను సులువుగా దొరుకుతుందని తెలిసిన రోజున మా ఆయన నానాజీ పెట్టిన పేరు అది. "నీ పేరే ఎట్టేను కదా, ఇంకేటి కావాలి?" అంటుంటారు. ప్రేమగానే అంటారు, అందుకే ఎదురు చెప్పడానికి నాకు మాట దొరికేది కాదు. పొద్దున్నే గోడౌన్‌కి వెళ్ళి ప్యాకింగ్ చేసేవాళ్ళ పని చూసుకునేది నేను. చెమ్మ తగిలిన సరుకు వేరు చేయించేదీ, ఇంటికొచ్చి బేరానికొచ్చే పార్టీలకి వంట చేసేదీ నేనే. ఆఫీసు గదిలో మాత్రం నాకు కుర్చీ లేదు. సంతకం కావలసినప్పుడు కాగితాలే వంటింట్లోకి వచ్చేవి. "ఇక్కడ, ఇక్కడ" అని ఆయన వేలు పెట్టిన చోటల్లా పెట్టేదాన్ని. ఒకసారి జీతం మాట ఎత్తితే బావగారు నవ్వి, "ఓనరుకి జీతమేటమ్మా" అన్నారు. చాలాకాలం అది నిజమేననుకున్నాను.

ఈసారి సరుకులో సగం మా పుట్టింటి ఊరు రావికమతం నుంచి వచ్చింది. మా దేముడమ్మ వదినా, ఆ చుట్టుపక్కల రైతులూ ఇచ్చారు. మా ఆయన్ని చూసి కాదు, "నువ్వున్నావు కదే" అని అరువుకి ఇచ్చారు.

భోజనాలయ్యాక బావగారు కాంట్రాక్టు కాగితాలు తీశారు. "రేపే లోడింగు. సంతకం ఎట్టేయమ్మా."

"బ్యాంకులో ఓసారి అడిగి ఎడతాను బావగారూ."

ఆయన నా వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశారు. "ఏట్రా నానాజీ, మీ ఇంట్లో బేరాలు ఇప్పుడు ఆడోళ్ళు సూత్తన్నారా?"

బ్రోకరు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు కానీ, "బుర్ర తక్కువ మాటలు మాటాడకు. అంత పెద్ద బ్యాంకు పంపిన మెసేజ్ అది. సాయంత్రానికల్లా సంతకం ఎట్టు" అన్నారు. ఆ మాట కన్నా, దాన్ని పరాయివాడి ముందు అనడం ఎక్కువగా తగిలింది.

అంట్లు ముందేసుకుని కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలో అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఏడుపు రాలేదు, ఆలోచన వచ్చింది. సంతకం నాది. సరుకు పోతే కోర్టు మెట్లెక్కవలసింది నేను. వదిన ముందు తల వంచుకోవలసిందీ నేనే. ఇవన్నీ నావైనప్పుడు, అడిగే నోరొక్కటీ నాది ఎందుకు కాకూడదు? చీర మార్చుకుని ఆటో ఎక్కాను.

బ్యాంకులో విదేశీ లావాదేవీలు చూసే ఆఫీసరు రెహానా నన్ను కూర్చోమంది. బ్రోకరు పంపిన కాపీ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఉంటే చూపించాను.

"ఇలాంటివి ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి బ్యాంకుల సొంత నెట్‌వర్క్ స్విఫ్ట్‌లో వస్తాయి మేడం, వాట్సాప్‌లో రావు" అంటూ కంప్యూటర్లో వెతికింది. "మీ సంస్థ పేరున మాకేమీ రాలేదు. ఒకవేళ వచ్చినా, డబ్బు ఉందని చెప్పడమే అది. మీకిస్తామని మాటివ్వడం కాదు. మీరు రాసిస్తే, 'ఇది మీరు పంపిందేనా' అని వాళ్ళ బ్యాంకునే అడుగుతాం."

"నేను రాసిస్తే సాలా?"

"మీరే కదా ప్రొప్రైటర్" అంది రెహానా, అదేదో మామూలు సంగతైనట్టు.

రాసిచ్చాను. ఎవరూ వేలు పెట్టి చూపించకుండా నేను చేసిన మొదటి సంతకం అది.

జవాబు వచ్చేదాకా కాంట్రాక్టు ముట్టనని ఇంట్లో చెప్పేశాను. లారీలకి కట్టిన అడ్వాన్సు పోతుందని బావగారు కేకలేశారు. మా ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఆ మౌనానికి నేను దిగొస్తాననుకున్నారు కాబోలు. నేను ఎప్పటిలాగే గోడౌన్‌కి వెళ్ళాను, ఎప్పటికన్నా బాగా నిద్రపోయాను.

గోడౌన్‌లో ఉండగానే రెహానా ఫోను చేసింది. ఆ మెసేజ్ తాము పంపలేదని వాళ్ళ బ్యాంకు చెప్పిందట. ఆ సాయంత్రం నుంచి బ్రోకరు ఫోను పలకలేదు. బావగారు మా ఇంటి వైపు రావడం తగ్గించారు.

మా ఆయన టీ తాగుతూ, "అదృష్టం బాగుండి బతికిపోయేం రాజీ" అన్నారు.

"అదృష్టం కాదండి. నేను అడిగేను."

"అవును. అడిగేవు" అన్నారాయన. ఆ ఒక్క ముక్క ఆయన నోట వినడం కోసం నేను ఎన్నేళ్ళుగా చూస్తున్నానో అప్పుడు తెలిసింది. నా కళ్ళు చెమర్చాయి కూడా. అంతలోనే ఆయన గ్లాసు కింద పెట్టి, "శనివారం ఇంకో పార్టీ వత్తన్నాడు. రొయ్యలు తేనా? నువ్వొండితే బాగుంటాయి" అన్నారు.

మర్నాడు మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాను. సంస్థ ఖాతా నా తరఫున నడపడానికి మా ఆయనకి ఇచ్చిన అధికారం రద్దు చేయమని అడిగాను. రెహానా పెన్ను పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఒకసారి మీవారిని అడిగి వస్తారా మేడం?"

"చెప్తాను" అన్నాను. "అడగను."