తెగని పడుగు

గ్రీష్మాతపదగ్ధయై నెర్రెలు వారిన వసుంధర ఒడలెల్ల నోరుగా గగనమునకు మొగమెత్తి వేచియుండగా పడమటి దిక్కున మదగజయూథమువలె గుమిగూడిన నీలనీరదములు ఒక్కొక్క గర్జనమునకు ఒక్కొక్క యడుగు ముందునకు వేయుచు సాలిపేట యను నేతగాండ్ర పేటమీదికి దిగివచ్చుచున్న ఆషాఢ సాయంసమయమది. కర్షకజనమునకు ఆ గర్జనము మంగళవాద్యమై తోచుగాక. పల్లపువీధి నేతగాండ్రకు మాత్రము పిలువకయే వచ్చి నెలలకొలది కదలని చుట్టము వాకిట నిలిచి దగ్గినట్లుండెను.

ఏలయన సాలిపేట నేతగాడు మగ్గము ముందు నేలలో మోకాటిలోతు గుంట త్రవ్వి అందు కాళ్లు దింపుకొని కూర్చుండి నేయును. మిట్టవీధి గుంటలు ఏడాది పొడవున పొడిగానే యుండును. పల్లపువీధి గుంటలు తొలకరికే బావులగును. ఆ వీధిలో కాపురముండు కోటిలింగము ఒక శ్రావణమున గుంటలోనికి కాలు దింపగా వాలుగచేప యొకటి అతని బొటనవ్రేలిని పట్టుకొనెననియు అతని యాలు వీరాయమ్మ దానిని ఆ పూటకే పులుసు పెట్టెననియు ప్రతీతి. చేప పొడవు చెప్పువానిని బట్టి పెరుగుచుండునే కాని గుంటలో నీరు నిలుచుట మాత్రము కల్ల కాదు. ప్రతి వానకాలమును మగ్గము విప్పి అటకకెక్కించి కార్తికము దనుక పరుల యిండ్ల కూలినేతకు తిరిగి డస్సి వేసరిన కోటిలింగము తుదకు మిట్టవీధిలో ఇల్లు కొనుటకు నిశ్చయించుకొనెను.

ఆ యిల్లు భావన్నది. ధవళకేశుడును వక్రపృష్ఠుడును నయ్యు వాక్కునందు మాత్రము ఇసుమంతయు వంగని యా వృద్ధుడు ఆలు గతించి ఒంటిగా నుండెను. పొరుగూర బట్టల దుకాణము పెట్టి క్రొత్త యిల్లు కట్టిన తమ్ముడు చెన్నకేశవులు తనయొద్దకు రమ్మని పలుమారు పిలువగా ఇల్లమ్మి పోవుటకు ఒప్పుకొనెను. ఉగాది వెళ్లినంతనే పెద్దలయెదుట బేరము కుదిరెను. కోటిలింగము బయానా చేతబెట్టి ఇక నెప్పుడు విడుతువని యడుగగా భావన్న తన మగ్గమువైపు చూపెను.

"ఇదుగో, ఈ పడుగు అయిపోనీ అల్లుడూ. అయిన మర్నాడే తాళం నీ చేతిలో పెడతా."

"దానికేం మామా! పడుగు మధ్యలో కోసుకుని పొమ్మంటానా? నేనూ నేసేవాణ్ణేగా."

ఆ యౌదార్యమే అతని కొంప ముంచెను. పడుగనగా మగ్గమునకు నిడివిగా బిగించిన పోగులు. వానిని నడుమ తెగగోయుట భోజనమునకు కూర్చున్నవాని యెదుట విస్తరి లాగివేయుటవంటిదని ఆ పేటలో పుట్టిన ప్రతివాని నమ్మకము. వేరొక వృత్తివాడైనచో ఏ తేదీకి అని యడిగియుండును. నేతగాడగుటచేత కోటిలింగమునకు ఆ ప్రశ్నయే పుట్టలేదు.

వైశాఖమున పోయి చూడగా మగ్గముమీద ఎర్రపడుగు మూరెడే మిగిలియుండెను. అతడు ఉప్పొంగిన హృదయముతో ఇంటికి వచ్చి మంచి దినము చూపించుకొని కుండలును చట్లును మూటలు గట్టెను. జ్యేష్ఠమున మరల పోవునప్పటికి అదే మగ్గముమీద భ్రమరకులసన్నిభమైన నల్లపడుగొకటి నిండుగా బిగిసి నిగనిగలాడుచుండెను.

"ఇదేంది మామా, ఎర్రది గదా ఉండాల్సింది?"

"అది అయిపోయిందిరా."

"అయితే తాళం?"

"తాళమేంది? ఎర్రదాని కొసలకి ఈ నల్లది అతికా. అతుకు పడితే రెండూ ఒకటే పడుగు గాదూ? నేసేవాడివి, నీకు నేను చెప్పాలా!"

చెప్పనక్కరలేదు. పడుగు ముగియవచ్చినపుడు చివరి పోగులను మగ్గమునుండి లాగివేయక ఆ కొసలకే క్రొత్త పోగులను ఒక్కొక్కటిగా నులిమి అతికి నేత సాగించుట ఆ వృత్తిలో తాతలనాటి పద్ధతి. కోటిలింగమును అట్లే చేయును. కావున అతడు దీనస్వరమున మరల నడిగెను.

"మరి ఇది ఎప్పటికి అయిద్ది మామా?"

"ఏమో మరి. ఇది మా తాత వేసిన పడుగురా. అప్పట్నుంచి అతుకుతూ వస్తన్నాం గానీ కోసింది లేదు. దీన్ని తీసి చాపామనుకో, సముద్రం దాకా పోయి, అక్కడ పడవలన్నిటికీ తాళ్లు కట్టగా మిగిలింది మళ్లీ ఇంటికొచ్చిద్ది. మా నాయన పెళ్లిపంచె, నువ్వు పుట్టినప్పుడు నీ ఉయ్యాల గుడ్డ, అన్నీ దీంట్లోయే!"

కోటిలింగమునకు నవ్వు వచ్చెను. ఆ నవ్వు వీధిమలుపు దనుక నిలిచెను. తాతనాడు మొదలై యెన్నడును ముగియని పడుగు తన గడువైనదని అచ్చట స్ఫురించినంతనే తిన్నగా పెద్దలకడకు పోయి మొరపెట్టుకొనెను. వారును నేతగాండ్రే.

"పడుగు అయ్యాక అంటే ఒప్పుకున్నావా లేదా?" అని అందొకడు విచారించెను.

"ఒప్పుకున్నా బాబాయ్."

"మరింకేంది? కొయ్యమని మా నోటితో ఎట్లా చెబుతాంరా, ఆ పాపం మాకెందుకు!"

ఇట్లు దినములు జరిగి ఆషాఢమేఘములు మీదికి వచ్చినవి. ఆ సాయంకాలము పట్టిన వాన తెల్లవారునప్పటికి పల్లపువీధిని కాలువ గావించి కోటిలింగము గుంటను నింపి అతని గడప నెక్కెను. ఇంటిలో ఒకమూల జ్యేష్ఠపుటెండలో గంజిపెట్టి సరిచేసి చుట్టిన తెల్లపడుగొకటి యుండెను. ఆ యేటి తిండియంతయు అందే యున్నది. అది త్వరలో మగ్గమెక్కనిచో తేమకు బూజుపట్టి పోగుపోగును తెగును. కోటిలింగము దానిని ఒడిలో నిడుకొని కట్టిన మూటలమీద ఊరక కూర్చుండెను. కోపించుటకును ఓపిక వలయును గదా. అతనియొద్ద అదియు నిండుకొనెను.

అది చూచి వీరాయమ్మ చీరకుచ్చెళ్లు ఎగదోపి నీటిలో నడచి తానే మిట్టవీధికి పోయెను. భావన్న గుంటలో కూర్చుండి యొకమారు నూలుకండె గల నాడెను పడుగు నడుమ విసరి అడ్డముగా పేకపోగు వేయుచు పిదప చాలసేపు వీధివైపు చూచుచు మరల నొకమారు విసరుచు నుండెను. నల్లపడుగు జానెడే మిగిలియుండెను. అతుకుటకు వేరొక పడుగు ఆ యింట కానరాలేదు.

"ఏంది పెదనాన్నా, ఒక పోగేసి ఇంతసేపు కూర్చుంటే ఇది నా మనవళ్ల నాటికైనా అయిద్దా?"

"అవ్వకూడదనే గదే అమ్మాయ్."

ఆ మాట తన యనుమతి లేకయే వెలువడినదని తెలిసి వృద్ధుడు నాడెను ఒడిలో నిడుకొని తలవంచెను. తల యెత్తకయే పలికెను.

"మా తమ్ముడింట్లో అంతా సిమెంటు గచ్చు. గుంట తవ్వుకుంటానంటే, నీకేం ఖర్మన్నా, కొట్లో కూర్చుని గజంబద్ద పట్టుకో అన్నాడు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం తప్ప నాకింకేం వచ్చు? ఈ మగ్గం చప్పుడు ఆగిందంటే భావన్న పోయినట్టే గదే."

వీరాయమ్మ గోడకు జారగిలబడి నీరోడుచున్న చీరచెరగు పిండుకొనుచు ఆ నల్లపడుగు కొసలను చాలసేపు చూచెను.

"ఆగాల్సిన పనేముంది? మగ్గం ఇక్కడే ఉంచు, ఈ కొసలకి మా తెల్లపడుగు అతుకుతా, మా ఆయన నేస్తాడు. మీ తాతగారి పడుగు ఎక్కడా కొయ్యం. అతుకు పడితే రెండూ ఒకటేనని నువ్వేగా ఆయనతో అన్నది!"

సముద్రము దనుక పడుగు చాపిన యా వాక్చతురుడు తుదకు తలయూచెను. 

"గడుసుదానివే. ఒక్క వంకన్నా మిగల్చలేదు గదే నాకు!"

మరునాడు కోటిలింగము తెల్లపడుగును తాటాకులలో చుట్టి బిడ్డనువలె రొమ్మున కరచుకొని ఎడతెగని వానలో మిట్టవీధికి కొనివచ్చెను. వీరాయమ్మ మగ్గము ప్రక్క కూర్చుండి నల్లపోగునకు తెల్లపోగు చొప్పున నులిమి నులిమి అతుకసాగెను. భావన్న ఆమె వ్రేళ్లమీదనే చూపు నిలిపి అది వదులు ఇది బిగువు అని తప్పులెన్నుచు కొన్నింటిని విప్పించి మరల వేయించెను. అతుకు పూర్తికాగా తాళము కొరకు చేయి చాచిన కోటిలింగముతో అతడనెను.

"ఆగు అల్లుడూ. అతుకు దాటేదాకా నేనే నేస్తా. కొత్తచెయ్యి పడితే తెగుద్ది."

"మన పని అయిపోయిందే, ఇంకో నెల!" అని కోటిలింగము ఆలి చెవిలో గొణిగెను.

కాని వృద్ధుడు ఈ మారు వీధివంక చూడలేదు. నల్లపోగులు ముగిసి తెల్లపోగులు ముందునకు వచ్చి అతుకుల వరుస చెక్కుచెదరక గుడ్డలో కలియుదనుక వంచిన తల యెత్తక నేసి నాడెను మగ్గముమీద నుంచెను. లేవబోయి లేవలేకపోయెను. కోటిలింగము చంకలక్రింద చేతులుంచి పైకెత్తగా నిలిచి మొలనుండి తాళము తీసి ఇచ్చెను. మిగిలిన పైకమును కాగితమును చేతులు మారినవి. తమ్ముడు పంపిన గూడుబండి వచ్చెను. ఒక పెట్టెయు ఒక చాపయు ఎక్కించుకొని భావన్న ఎక్కి కూర్చుండెను.

బండి సాగినంతనే కోటిలింగము పొడినేలపై వెల్లకిల పరుండి కన్నులు మూసెను. వీరాయమ్మ గడపలో నిలిచియుండెను.

"ఏవయ్యా, బండి మలుపు దగ్గర ఆగింది."

"ఇరుసు విరిగిందేమో."

"ఎద్దులూ బాగానే ఉన్నాయి, ఇరుసూ బాగానే ఉంది. ఆయన ఇటే చూస్తన్నాడు."

"తాళం ఇచ్చాడు, కాగితం ఇచ్చాడు. ఇంకేం మిగిలిందంట ఆయనకి?"

"లేచి నాడె వెయ్యి."

"రేపేస్తాలేవే. ఒళ్లు కదలటం లేదు."

"నువ్వు వేస్తేగానీ ఆ బండి కదలదయ్యా."

కోటిలింగము కన్నులు తెరచి చేతులూని లేచెను. గుంటలోనికి కాళ్లు దింపెను. నేల పొడిగాను కొంచెము వెచ్చగాను ఉండెను. నాడె విసరి పోగును కొట్టెను. మరల విసరి మరల కొట్టెను. ఆ చప్పుడు వానచప్పుడును దాటి వీధి పొడవునకు సాగిపోగా మలుపున ఎద్దుల మెడగంటలు మెల్లగా కదలినవి. ఆ గంటలు వినబడనంత దూరము పోవుదనుక కోటిలింగము చేయి యాపలేదు.