రెండో చెయ్యి పడేదాకా

పటాన్‌చెరులో రంగుల్లో కలిపే జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఆ జిగురును ఉడికించే పెద్ద రియాక్టర్‌ను నడిపే టచ్‌స్క్రీన్ ప్రోగ్రామ్ రాసింది నేను. మంగళవారం మధ్యాహ్నం అందులో సరుకు రాయిలా గట్టిపడింది. మర్నాడు నన్ను పిలిపించారు.

నేను వెళ్ళేసరికి రియాక్టర్‌ను చల్లార్చి, మూత తెరిచారు. కింద నుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

మేనేజర్ రాజారావు కుర్చీ చూపించాడు. "మీరు పెద్దగా చెయ్యాల్సిందేం లేదండి వనజ గారూ. ప్రోగ్రామ్ బానే ఉందని ఒక్క ముక్క రాసిచ్చేయండి. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది ఆయన బల్ల మీదే ఉంది. ఆపరేటర్ నర్సింహులును పనిలోంచి తీసేస్తున్నామనే కాగితం. సంతకం ఒక్కటే మిగిలింది.

మంగళవారం డ్యూటీ దిగే ముందు నర్సింహులు వేడిని నూట ఎనభై డిగ్రీల నుంచి నూట అరవై అయిదుకు దించాలి. లేకపోతే సరుకు గడ్డకడుతుంది. దించానంటున్నాడు. ప్రోగ్రామ్ రాసుకున్న చిట్టాలో మాత్రం రోజంతా నూట ఎనభయ్యే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకున్న గుర్తు లేదు.

నర్సింహులుది పక్కనే ఉన్న లక్డారం. యాభై దాటిన మనిషి. తలుపు దగ్గర చేతులు కట్టుకోకుండా నిలబడ్డాడు.

"నా చేత్తోని దించిన సార్. చిన్నరాములు గూడ సూసిండు."

"నువ్వు ఏనుగెగిరిందంటే వాడు తోక కూడా చూశానంటాడు," అన్నాడు రాజారావు.

ఆ చిట్టా నేను రాసిన ప్రోగ్రామ్‌దే. నేను రాసింది అబద్ధం చెప్పదని మనసులో ఒక గర్వం. ఆ గర్వం మీద ఒక మనిషి అన్నం ఆధారపడి ఉందని అప్పుడే తెలిసింది. ఒకసారి చూస్తానన్నాను.

తెర ముందుకు వెళ్ళాం. పక్కనే నా ల్యాప్‌టాప్ తెరిచాను. తెర మీద నిలువు గీత, దాని మీద జరిగే గుండ్రటి మీట, పక్కన అంకె. మనుషులకు కనిపించేది అది. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ లోపల దాచుకున్న అసలు విలువ. రియాక్టర్ వినేది ఈ రెండోదాని మాటే.

నర్సింహులు మీటను దించాడు. తెర మీద నూట అరవై అయిదు. లోపలా అంతే. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ రెండూ ఒకటే.

"చూశారుగా," అన్నాడు రాజారావు.

నర్సింహులు తన వేలి వంక చూసుకున్నాడు, అది తనది కానట్టు. ఆ చూపు చూసి అడిగాను.

"నిన్న గిట్లనే దించినవా కాకా? ఒక్కనివే?"

"ఒక్కన్నే ఎట్ల దించుత మేడం? దినాం రెండు గాకముందే దించుడైతది. నిన్న లేటైంది. డ్యూటీ దిగేటప్పుడు ఇద్దరం గద."

"ఇద్దరు ఏం చేస్తరు?"

"ఎన్కట గీడ ఆవిరి వాల్వు ఉండె. చెయ్యి తీస్తే చక్రం వణికి దానంతట అదే తిరుగుతుండె. అందుకే వచ్చినోని చెయ్యి పడందే పోయెటోడు ఇడ్సొద్దు. వచ్చినోడు నంబరు నోటితోని చెప్పాలె. నాకు మా మేస్త్రి నేర్పిండు, నేను వీళ్ళకు నేర్పిన."

చక్రం తీసేసి నాలుగు నెలలైంది. ఆ చెయ్యి మాత్రం ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.

రెండు గంటల సైరన్ మోగింది. తర్వాతి డ్యూటీకి చిన్నరాములు వచ్చాడు. నిన్న చేసినట్టే చేయమన్నాను. నర్సింహులు మీటను నూట ఎనభై నుంచి కిందికి తెచ్చాడు. వేలు తీయలేదు. కాలిన మచ్చలున్న చిన్నరాములు వేలు వచ్చి దాని పక్కనే ఆనింది. రెండు గోళ్ళు తాకాయి.

"నూట అరవై అయిదు," అన్నాడు చిన్నరాములు.

అప్పుడు నర్సింహులు వేలు తీశాడు.

తెర మీద నూట అరవై అయిదు. నా ల్యాప్‌టాప్‌లో నూట ఎనభై.

నాకు కింది సుత్తి దెబ్బలు కూడా వినిపించలేదు. వేలు లేచిందన్న కబురు అందాకే లోపలి విలువ మారేలా రాశాను. రెండో వేలు పడగానే తెర మొదటి వేలిని మరిచిపోయింది. కబురు అందనే లేదు. బొమ్మ మాత్రం వేలితోపాటు కదిలిపోయి, మారానని నమ్మించి, అక్కడే నిలబడింది.

తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఆ మీటను కొన్ని వందలసార్లు పరీక్షించి ఉంటాను. ప్రతిసారీ ఒక్క వేలితోనే. అదే గాజు మీదికి ఇంకో చెయ్యి వస్తుందని నాకెన్నడూ తోచలేదు. బాగున్నానని ముఖం చూపించడమూ, లోపల విలువ కదలకుండా ఉండిపోవడమూ నాకు కొత్త కాదు. అది నా ముఖంలోంచి ఈ తెరలోకి ఎలా దిగిందోనని చూస్తూ ఉండిపోయాను.

"ఒక్క వేలే పెట్టమని బోర్డు రాయిద్దామండి," అన్నాడు రాజారావు. "సరుకైతే పోయింది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా."

"నేను చెప్తానండి."

తప్పు ప్రోగ్రామ్‌దని, ఆపరేటర్ వేడి దించాడని రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"మీ కంపెనీ ఊరుకుంటుందా?"

"ఊరుకోదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బల్ల మీది కాగితాన్ని అడ్డంగా చించి బుట్టలో వేశాడు. "వెళ్ళి పని చూసుకోవయ్యా," అన్నాడు నర్సింహులుతో.

బోర్డు రాయించనివ్వలేదు. రెండు రోజులు అక్కడే కూర్చుని ప్రోగ్రామ్ మార్చాను. ఎన్ని వేళ్ళు పడినా, ఏ వేలు లేచినా కబురు లోపలికి వెళ్తుంది. తెర ఇక తనంతట తాను ఏ అంకెనూ చూపదు. లోపల మారింది ఎంతో అడిగి, వచ్చిన జవాబునే చూపిస్తుంది.

శుక్రవారం రెండింటికి నర్సింహులు మీట దించాడు. అంకె రావడానికి ఒక రెప్పపాటు పట్టింది.

"జెర నిమ్మళంగ వస్తున్నది," అన్నాడు.

"లోపలికి పోయి అడిగొస్తది కాకా."

"రానియ్. తొందరేముంది." నా వైపు తిరిగాడు. "నువ్వు పెట్టు బిడ్డా చెయ్యి."

చిన్నరాములు పక్కకు జరిగాడు. "ఇయ్యాల డ్యూటీ మేడమ్‌దా? అయితే నేను ఇంటికి పోత."

వేలు పెట్టాను. పక్కన నర్సింహులు వేలు వెచ్చగా, గరుకుగా తగిలింది. వాళ్ళ మేస్త్రి, ఆయన కంటే ముందు ఎవరో, ఆ ముందు ఇంకెవరో, ఇలాగే ఒకరి పక్కన ఒకరు చెయ్యి ఆనించి నిలబడ్డారు. నర్సింహులు ఇంకా వేలు తీయలేదు. నా ముఖంలోకి చూస్తూ ఆగాడు.

"నూట అరవై అయిదు," అన్నాను.

అప్పుడు తీశాడు.