విననట్టు

లారీ సరిహద్దు దాటాలంటే రెండుసార్లు ఆగాలి. ఇవతలి యార్డులో టార్పాలిన్ విప్పి సరుకు చూపించాలి, అవతలి యార్డులో మళ్ళీ విప్పాలి. రెండు దేశాల కస్టమ్స్ వాళ్ళూ కలిసి ఒక్కచోటే చూస్తే సరిపోతుందని ఇరుపక్షాలూ ఒప్పుకుని చాలాకాలమైంది. ఆ ఒక్కచోటు ఎవరి యార్డన్న దగ్గరే అంతా ఆగిపోయింది.

"మన యార్డే కావాలమ్మా. ఈరోజే సంతకం కావాలి," అని పొద్దున డైరెక్టరుగారు ఆమెకు చెప్పి పంపారు. శాఖ తరఫున విదేశీ సంబంధాలన్నీ చూసేది ఆమే.

బల్లకు అటు అవతలి పెద్దాయన, ఆయన సహాయకుడు. ఇటు ఆమె, గుసగుసలు అందనంత దూరంలో బల్ల చివర దుబాసీ. నిజానికి ఆమెకు దుబాసీ అక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గేటు దగ్గర అవతలి లారీ డ్రైవర్లతో వాదించి వాదించి ఆ భాషను తిట్లతో సహా నేర్చుకుంది. ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియనివ్వలేదు. దుబాసీ అనువాదం చేసి చెప్పే కాస్త వ్యవధిలో జవాబు కూర్చుకునేది. అవతలివాళ్ళు తమలో తాము గుసగుసలాడుకుంటుంటే కిటికీవైపు చూస్తూ అన్నీ వినేది.

ఈ విద్య ఆఫీసులో అబ్బింది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారూ ఆడపడుచూ వంటింట్లో ఆమె గురించే మాట్లాడుకునేవారు. పక్కగదిలో ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె వినేది. విన్నట్టు తెలిస్తే జవాబు చెప్పాలి. విననట్టు ఉంటే ఆ బాధ లేదు. పైగా, వాళ్ళకు తెలియనిది ఒకటి తన దగ్గరుందన్న భావం చిన్న గుట్టలాంటిది. దానిమీదికెక్కి అందరినీ చూస్తూ కూర్చోవచ్చు.

పెద్దాయన మరోసారి వాచీ చూసుకుని సహాయకుడివైపు వంగాడు.

"మా ఆవిడకి ఆపరేషన్ ఈ సాయంత్రమే. నాలుగింటి రైలు తప్పిపోతే నేను పక్కన ఉండలేను. యార్డు వాళ్ళకే ఇచ్చేద్దాం."

"ఇచ్చేస్తే పైవాళ్ళు మిమ్మల్ని బతకనిస్తారా సార్?"

"చూద్దాంలేవయ్యా. ఇంకాసేపు బెట్టు చేసి అప్పుడు ఒప్పుకుందాం. ఈ హెడ్‌మాస్టరమ్మకి అనుమానం రాకూడదు."

ఆమె కిటికీవైపే చూస్తూ ఉండిపోయింది. చేయాల్సిందేమీ లేదు. టీ తెప్పించి నెమ్మదిగా తాగితే చాలు, యార్డు దానంతటదే నడిచి వస్తుంది. ఎవరూ తప్పుపట్టరు. తెలిసేది తనొక్కతికే. ఇన్నేళ్ళుగా ఆ గుట్టమీద కూర్చుంటున్నా, అక్కడ ఇంత చలి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"మీరు వెళ్ళండి," అంది, ఆయన భాషలోనే. "ముందు రైలు అందుకోండి. యార్డు మాట వచ్చేవారం చూసుకుందాం."

దుబాసీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పెద్దాయన మొహం మెల్లగా ఎర్రబడింది. ఇంతకాలం ఏ రోజు ఏమన్నాడో, ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి ఏరుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది.

"ఎప్పట్నించీ?"

"మొదట్నించీ."

"అయితే హెడ్‌మాస్టరమ్మ అన్నది..."

"విన్నాను. నా చెప్పుల చప్పుడు గురించి అన్నదీ విన్నాను."

ఆయన నవ్వలేదు. కాగితాలు సర్దుకుని, చెయ్యి కలపకుండానే వెళ్ళిపోయాడు.

"ఆయన తొందర తెలిసి కూడా చేతిదాకా వచ్చినదాన్ని వదిలేశారట, దుబాసీ చెప్పాడు," అన్నారు డైరెక్టరుగారు ఆ సాయంత్రం. "ఆయన ఇంక రాకపోతే ఈ పని మరొకరికి అప్పగించాల్సి వస్తుందమ్మా. ఏమీ అనుకోకండి."

ఇంట్లో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"అయితే ఆ రోజుల్లో నేనన్నవన్నీ కూడా విన్నావన్నమాట," అంది అత్తగారు.

"విన్నాను అత్తయ్యా."

"నాకు తెలుసులేవే. మా మాటలు మొదలవగానే నువ్వు బట్టలు దులిపే చప్పుడు ఆగిపోయేది."

"తెలిసే అనేవారా?"

"మొహంమీద అనే ధైర్యం లేక," అంది అత్తగారు, పళ్ళెంలోంచి తలెత్తకుండా. "ఒక్కసారి లోపలికొచ్చి ఏంటని అడిగుంటే, అప్పుడే తేలిపోయేది."

ఆమె గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

వచ్చేవారం పెద్దాయన వచ్చాడు. దుబాసీ గొంతు సవరించుకోబోతే చేత్తో వారించి, సూటిగా ఆమెవైపు తిరిగాడు.

"మా ఆవిడ లేచి కూర్చుంది. తిట్లు కూడా మొదలుపెట్టింది, కాబట్టి బాగుపడినట్టే. కానీ యార్డు ఇవ్వలేను. ఆ రోజైతే ఇచ్చేసేవాణ్ణి. మా యార్డు మూతపడితే మా కూలీలంతా రోడ్డున పడతారు. ఈ మాట మీరు వినాలనే చెప్తున్నా."

ఇలా కారణం చెప్పడం ఇదే మొదటిసారి.

"మావాళ్ళ భయమూ అదే," అంది ఆమె. "ఇటొచ్చే లారీలు మా యార్డులో చూద్దాం, అటెళ్ళేవి మీ యార్డులో. ఏ లారీ అయినా టార్పాలిన్ విప్పేది ఒక్కసారే."

డైరెక్టరుగారికి ఇందులో సగమే దక్కినట్టు కనిపిస్తుందని ఆమెకు తెలుసు. దుబాసీ కప్పులో చక్కెర కలుపుకుంటున్నాడు. చాటుకు వెళ్ళడానికి ఆ పాత వ్యవధి ఇప్పుడు లేదు. ఆయన ఆలోచిస్తున్నంతసేపూ ఆమె కిటికీ జోలికి పోకుండా ఆయన మొహమే చూసింది.

పెద్దాయన అలవాటుకొద్దీ సహాయకుడివైపు వంగి, సగంలో ఆగి, నిటారుగా కూర్చున్నాడు.

"హెడ్‌మాస్టరమ్మ చెప్పింది బాగానే ఉంది కదయ్యా?" అన్నాడు, గదంతా వినపడేలా.