జూలైలో చలిపొయ్యి

1991 జూలైలో, అరబ్బు దేశపు ఊరు బౌషర్‌లో కడుతున్న తన ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, చలి కాచుకునే ఇటుక పొయ్యి పెట్టమన్నాడు అర్బాబ్, అంటే యజమాని. ఇల్లు ఆయనదే, కడుతున్న కంపెనీ కూడా ఆయనదే. ఇంగ్లండులో నాలుగేళ్లు చదివాడు. అక్కడ అద్దెకున్న ఇంట్లో ఉన్న పొయ్యి ఫోటో తెచ్చి సూపర్‌వైజర్ ప్రీతమ్ చేతిలో పెట్టాడు. ఆ రోజు నీడలో నలభై ఆరు డిగ్రీలు. చలి ఎప్పుడు పడుతుందని ఎవరూ అడగలేదు.

సైట్‌లో మేస్త్రీలు తొమ్మిది మంది. అందరూ సిమెంటు బ్లాకులతో గోడలు కట్టేవాళ్లే. ఇటుకతో పొగగొట్టం కట్టినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

"నేను కడతా సార్" అన్నాడు చెన్నయ్య.

చెన్నయ్యది బోధన్ పక్క ఊరు. హెల్పర్ వీసా మీద వచ్చి మూడేళ్లుగా బ్లాకులు మోస్తున్నాడు. ఊళ్లో బెల్లం వండే బట్టీలు, పొగగొట్టాలతో సహా, పదకొండు కట్టాడు. ఆ సంగతి రాయడానికి లేబర్ కార్డులో చోటు లేదు.

"పొగ సక్కగ పైకి పోతే నన్ను మేస్త్రీ అని రాయాలె సార్."

ప్రీతమ్‌ది అమలాపురం. "పోతే అర్బాబ్‌తో నేనే చెప్తాను. గదిలోకొచ్చిందనుకో, ఇక జన్మంతా బ్లాకులే" అన్నాడు.

చెన్నయ్య మొదట బంకమట్టి అడిగాడు.

"సిమెంటు పెట్టుకుని మట్టి అడుగుతావేంటయ్యా?"

"మంటకు సిమెంటు పగులుతది సార్."

మట్టి వచ్చింది. దుబాయ్ నుంచి ఇటుక వచ్చింది. ఇటుక అందించడానికి ముర్తుజా వచ్చాడు. హైదరాబాద్‌లో పెళ్లి వంటలు చేసి వచ్చినవాడు. పన్నెండు రోజుల్లో కట్టడం అయింది. గురువారం కాగితాలు వేసి వెలిగిస్తే పొగ కొంత గదిలోకి వచ్చింది. చెన్నయ్య పొయ్యి నోటిని రెండు వరసల ఇటుకతో కిందికి దించాడు. మళ్లీ వెలిగిస్తే పొగ పైకి పోయింది.

"కాగితం మంట ఏం మంట?" అన్నాడు ముర్తుజా. "రెండు గంటలు మండాలె. అప్పుడు తెలుస్తది."

"రెండు గంటలు ఉత్తగ కట్టెలు కాలుస్తమా భాయ్?"

"ఉత్తగ ఎందుకు? మటన్ పెడదాం."

చెన్నయ్య ఆలోచించాడు. మరునాడు సెలవు. అర్బాబ్ తన తల్లిని తీసుకురావడానికి ఇబ్రా ఊరికి వెళ్లాడు, సాయంత్రానికి గాని రాడు. పైగా పరీక్ష పరీక్షే.

జుమా నమాజు నుంచి వచ్చి ముర్తుజా బిర్యానీ దేగ్చా పొయ్యిలో పెట్టి, ఆవిరి పోకుండా మూతకు పిండి అంటించాడు. చెన్నయ్య కట్టెలు వెలిగించాడు. దేగ్చా వంక చూడలేదు. రెండు గంటలూ గది కప్పు వంకే చూశాడు. పొగ రాలేదు. వాసన మాత్రం గొట్టంలోంచి వీధిలోకి పోయింది. పక్కింటి డ్రైవర్ వచ్చాడు. ఎదురింటి తోటమాలి వచ్చాడు. మూడున్నరకు మజ్లిస్‌లో ఖాళీ సిమెంటు సంచుల మీద పద్నాలుగు మంది బిర్యానీ తింటున్నారు. అందులో ప్రీతమ్ ఒకడు.

అనుకున్నదానికన్నా ముందే తిరిగొస్తున్న అర్బాబ్‌కు మెయిన్ రోడ్డు మీద నుంచే తన ఇంటిపైన పొగ కనిపించింది. ఇల్లు తగలబడుతోందనుకున్నాడు. హారన్ మీద చెయ్యి తియ్యకుండా వచ్చాడు. ప్రీతమ్ ప్లేటు వెనక్కి దాచుకున్నాడు.

"ఎవడు వెలిగించాడు?" ఉర్దూలో అడిగాడు అర్బాబ్.

చెన్నయ్య నోట్లో ముద్ద ఉంది. మింగితే మాట్లాడాలి. మింగలేదు.

"నేనే సాబ్." ముర్తుజా లేచి నిలబడ్డాడు.

అర్బాబ్ తల్లి సఫియా వెనక వచ్చింది. ప్లేట్లు దాటుకుంటూ వెళ్లి పొయ్యి పైన గోడను వేలితో రుద్దింది. వేలు చూసుకుంది. మసి లేదు. కొడుకుతో అరబ్బీలో ఏదో అంది.

"ఇబ్రా ఇంట్లో కూడా ఇలాంటిది కావాలంటోంది. కట్టింది ఎవరు?"

ముర్తుజా ఇంకా నిలబడే ఉన్నాడు. "అది కూడా నేనే సాబ్."

చెన్నయ్య ముద్ద మింగాడు. "అరె ముర్తుజా! ఇటుక అందియ్యరా అంటే నిద్రపోయినోనివి! సాబ్, కట్టింది నేను. వెలిగించింది గూడ నేనే."

"తిట్లు నా మీదేసుకున్న కదరా" అన్నాడు ముర్తుజా తెలుగులో. "మెప్పు గూడ జర ఏసుకోనీ."

"గొట్టం ఎక్కడ ఇరుకవుతుంది? చూపించండి" అన్నాడు అర్బాబ్.

ముర్తుజా మిద్దె వైపు వేలెత్తాడు. చెన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని, నిప్పులు పక్కకు నెట్టి, చెయ్యి భుజం దాకా పైకి దూర్చాడు.

"ఈడ సాబ్. జానెడు."

చెయ్యి బయటికి వచ్చేసరికి చంక దాకా నల్లగా ఉంది. మణికట్టు మీద వెంట్రుకలు లేవు. సఫియా నవ్వింది. సంచి మీద కూర్చుంది. ముర్తుజా ఆమెకు ప్లేటు పెట్టాడు.

"ఇతన్ని మేస్త్రీ అని రాయించు" అన్నాడు అర్బాబ్ ప్రీతమ్‌తో. "ఆ రెండోవాణ్ణి..." తల్లి తినడం చూశాడు. "ఇతనికే హెల్పర్‌గా ఇబ్రా పంపించు."

శనివారం ఇబ్రా వెళ్లే పికప్ వెనక ఇటుకల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"భాయ్, ఇగ నన్ను మేస్త్రీ అని పిలువాలె."

"హౌ, మేస్త్రీ."

"గట్టిగ."

దారిలో బిద్‌బిద్ ఊరు దాటేలోపు చెన్నయ్య నాలుగుసార్లు పిలిపించుకున్నాడు. ఐదోసారి అడిగేసరికి ముర్తుజా రుమాలు మొహం మీద వేసుకుని గురక పెట్టడం మొదలెట్టాడు.