ఖుంబు బార్ ముందు ఆపండి

మా బార్‌కి బోర్డు లేదు. డేవీటన్ పేటలో ఎవరినడిగినా దారి చెబుతారు, కొందరు నవ్వుతూ, కొందరు ఉమ్ముతూ. ఖుంబుజీలే అనే ఆవిడ ఇంటి ముందు గదులు రెండు, వెనక రేకుల షెడ్డు, పక్కన నెట్‌బాల్ ఆడే మట్టి నేల. అంతే. మేం ఖుంబు అని పిలిచే ఆవిడకి ఆడవాళ్లంటే ఇష్టం, మాలో ఎక్కువమందికి మగవాళ్లంటే. శనివారం మధ్యాహ్నానికి అందరం అక్కడ చేరతాం. నర్సులు, మెకానిక్కులు, జుట్లు అల్లేవాళ్లు, లెక్కలు చెప్పే ఒక టీచరు. తాగడానికే అయితే వీధికో దుకాణం ఉంది. మేం వచ్చేది ఎదురుగా కూర్చునే మనిషి కోసం.

మా దేశంలో చట్టం మా పక్షమే. పెళ్లి చేసుకోవచ్చు, కోర్టుకెక్కవచ్చు. బాగుంది. కానీ పెళ్లికి ముందు ఒక మనిషి కనబడాలి కదా? ఎక్కడ కనబడతాడు? చర్చిలోనా? పార్లమెంటు మెట్ల మీదా? గే బార్ అనగానే పాపాల పుట్ట, మూయించాలి అని మొహం తిప్పుకునే పెద్దమనుషులు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పరు.

ఆ చలికాలం మొదట్లో ఒక కారు మా గేటు ముందు ఆగింది. అద్దం దిగింది, సీసాలు వచ్చాయి. ఎంపుమెలెలో అనే మా మెకానిక్ నుదుటికి కుట్లు పడ్డాయి. పోలీసులు వచ్చి, మీరు మరీ కనబడేలా ఎందుకు కూర్చుంటారని మమ్మల్నే అడిగి పోయారు. అందుకే, ఒక శనివారం వెనక అద్దం మీద ఎర్ర చిలక బొమ్మ ఉన్న తెల్ల టాక్సీ వ్యాను ఒకటి ఎదురుగా వచ్చి, ఎవర్నీ దించకుండా ఎవర్నీ ఎక్కించుకోకుండా ఇంజను ఆపుకుని నిలబడితే మా అందరి కళ్లూ దాని మీదే. కాసేపుండి వెళ్లిపోయింది. మరుసటి శనివారం మళ్లీ వచ్చింది.

ఈసారి ల్వాండీలే ఊరుకోలేదు. ల్వాండీలే మా నెట్‌బాల్ జట్టు కెప్టెన్. అది ఆడపిల్లల ఆటంటారు గానీ మేం అందరం మగవాళ్లమే, స్కర్టులు వేసుకుని ఆడతాం. ఆరడుగుల మనిషి, నోరు ఇంకో ఆరడుగులు. అప్పుడు నేల తుడుస్తున్నాడు. ఫినాయిలు కలిపిన బకెట్ అలాగే ఎత్తుకుని రోడ్డు దాటి, తెరిచి ఉన్న కిటికీలోంచి డ్రైవర్ మీద గుమ్మరించాడు.

"రాళ్లు తెచ్చావా, సీసాలు తెచ్చావా? ముందు ఒళ్లు కడుక్కో!"

డ్రైవర్‌కి యాభై దాటి ఉంటాయి. గడ్డం మీంచి నీళ్లు కారుతుండగా ల్వాండీలే మొహంలోకి చూశాడు, తాళం తిప్పాడు, వెళ్లిపోయాడు. మేమంతా ఈలలు వేశాం, చప్పట్లు కొట్టాం.

ఖుంబు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి బయటికి వచ్చింది. "ఎందుకర్రా ఆ చప్పట్లు? ఆయన చొక్కా చూశారా?"

"చూశాం మా, బాగా తడిసింది," అన్నాడు ల్వాండీలే. మా అంటే మా పేటలో అమ్మా అని. అందరం నవ్వాం.

"తడవక ముందు, గాడిదల్లారా! నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. కొట్టడానికొచ్చేవాడు చొక్కా ఇస్త్రీ చేసుకొస్తాడట్రా?"

మొదటిసారి ఆ గేటు దాటిన రోజు నేను మా అన్న కోటు అడిగి వేసుకొచ్చాను. ల్వాండీలే వాళ్లమ్మ సెంటు పూసుకొచ్చాడు. అలా ఏదో ఒకటి లేకుండా అక్కడికి వచ్చినవాడు లేడు.

"ఆయన మనవాడే," అంది ఖుంబు. "టాక్సీ వాళ్ల మధ్య ఆ వయసు దాకా నోరు నొక్కుకుని బతికి, ఇప్పటికి గేటు దాకా వచ్చాడు. మీరేమో నేల తుడిచిన నీళ్లు పోశారు. ఇక ఈ జన్మలో ఆయన మనలాంటి వాళ్ల గడప తొక్కడు. ఒంటరిగానే పోతాడు."

"నేను వెళ్లి కాళ్లు పట్టుకుంటా, మా," అన్నాడు ల్వాండీలే.

"ఎక్కడ పట్టుకుంటావురా? స్టాండులో, తోటి డ్రైవర్ల ముందా? నువ్వు ఆ నడుం ఊపుకుంటూ వెళ్లి ఆయన పక్కన నిలబడితే చాలు, పొద్దు గూకేలోపు ఆయన బండి తగలబెడతారు."

"మరేం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? నువ్వు తరిమావు, నువ్వే పిల్చుకురా. ఆయన సంగతి బయటపడకూడదు. అందాకా నువ్వూ లోపలికి రావద్దు."

తరవాతి శనివారం వ్యాను రాలేదు. ల్వాండీలే గేటు బయట సిమెంటు దిమ్మ మీద కూర్చుని, లోపల మేం నవ్వినప్పుడల్లా మెడ చాపి చూశాడు. ఆ పై శనివారం నన్ను వెంటేసుకుని, మా డేవీటన్ టాక్సీలు బయల్దేరే బెనోని ఊరి స్టాండుకి వెళ్లాడు. ఆ ఎర్ర చిలక బొమ్మ వ్యాను వచ్చేదాకా వరసలో అందర్నీ ముందుకు పంపాం. వాడి పథకం తేలికైనది. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, దారిలో చెవిలో మాట చెప్పి దిగిపోవడం.

కానీ వాడొక సంగతి మరిచిపోయాడు. మా టాక్సీల్లో ముందు సీట్లో కూర్చున్నవాడికి కూర్చునే సుఖం ఉండదు. వెనక వరసల వాళ్లందరి చార్జీలూ చేతులు మారుతూ వాడి దగ్గరికే వస్తాయి, చిల్లర వాడే పంచాలి. బండి కదలగానే భుజాల మీంచి చేతులు మొదలయ్యాయి. ల్వాండీలేకి కూడికలు రావు. చెవిలో చెప్పాల్సిన మాట అలాగే ఉండిపోయింది. డ్రైవర్ వాడిని గుర్తుపట్టాడు. చూపు రోడ్డు మీంచి తిప్పలేదు.

"ఏం కంపయ్యా ఇది! అద్దాలన్నా తెరువు," అంది క్యాబేజీలు ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ.

డేవీటన్ వచ్చేసింది. ఇంకో మలుపు ఉంది. ల్వాండీలే వెనక వరసలో ఉన్న నావైపు చూశాడు, నేను భుజాలెగరేశాను. వాడు గట్టిగా ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"బాబా, ఖుంబు బార్ ముందు ఆపు!"

టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు కిసుక్కున నవ్వాడు. "బార్ ముందు వద్దు బాబా, మనకీ అంటుకుంటుంది. ఈ ఆడంగి వాళ్లని మూల మీదే దించెయ్."

ల్వాండీలే సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగాడు. "అంటుకునేదైతే నీలాంటివాణ్ని ముందే దూరం పెట్టేవాళ్లం, తమ్ముడూ. మాకూ ఒక స్థాయి ఉంది. ఇప్పుడు అందరూ వినండి. మొన్నామధ్య ఒకాయన మా దగ్గరికొచ్చాడు. శత్రువనుకుని నేను ఆయన మీద నేల తుడిచిన నీళ్లు పోశాను. తప్పు నాది. ఆయన మీలో ఉన్నాడేమో, మీకు తెలిసినవాడేమో, నాకు తెలీదు. కనబడితే చెప్పండి, ల్వాండీలే సిగ్గుపడుతున్నాడని. వచ్చే శనివారం మ్యాచ్ ఉందని, రమ్మన్నారని."

ఇక చూడాలి ఆ బండిలో మగవాళ్ల మొహాలు! ఒకడు కిటికీ వైపు తిరిగాడు. ఒకడు ఫోను తీశాడు. టోపీ కుర్రాడు లేచి నిలబడ్డంత పని చేశాడు.

"నేను కాదు! నేనసలు ఆ వీధికే రాలేదు!"

"నిన్నెవడడిగాడ్రా?" అంది పెద్దావిడ. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ ల్వాండీలే వైపు వేలు చూపించింది. "నీళ్లు నిజంగా పోశావా? మొహం మీదా?"

"పోశాను, మా."

"ఇంటికొచ్చిన మనిషి మీదా! ఎవర్రా నిన్ను పెంచింది? మీరు అక్కడ ఎవరితో ఏం చేసుకుంటారో దేవుడు చూసుకుంటాడు. గుమ్మంలోకి వచ్చినవాడికి కుర్చీ వెయ్యాలని కూడా తెలీదా? ఛీ!"

ల్వాండీలే ముందుకి తిరిగి, ఒళ్లో చిల్లర పోగేసుకున్నాడు.

వ్యాను మలుపు తిరిగింది. మూల దాటింది. సరిగ్గా ఖుంబు గేటుకి ఎదురుగా ఆగింది. డ్రైవర్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, అద్దంలో వెనకవాళ్లందర్నీ ఒకసారి చూశాడు.

"నీళ్లొక్కటే అయితే ఆరిపోయేవి," అన్నాడు. "ఫినాయిలు కూడా కలిపావు. ఎంత కడిగినా సీటు కంపు పోవట్లేదు."

పెద్దావిడ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "అయితే బెనోని నుంచీ నేను పీలుస్తున్నది ఆ బకెట్టా?"

"అవును, మా."

"నువ్వా?"

"నేనే, మా."

ఆవిడ ఒళ్లో క్యాబేజీల వైపు చూసుకుంది. "సరే పోనీ. చర్చి పక్కన నన్ను దించడం మాత్రం మర్చిపోకు. మోకాళ్లు నొప్పులు."

టోపీ కుర్రాడు ఏదో గొణిగాడు. డ్రైవర్ వాడివైపు తిరిగాడు. "బండి నాది. నచ్చకపోతే దిగి నడువు." వాడు దిగలేదు. దిగితే ఇల్లు చాలా దూరం.

మేం దిగాం. వ్యాను వెళ్లిపోయింది. ల్వాండీలే గేటు దగ్గరే నిలబడ్డాడు, నేను ఖుంబుకి చెప్పడానికి పరిగెత్తాను. మిగతావాళ్లని దించేసి, కాసేపట్లోనే ఆయన తిరిగొచ్చాడు. ఎండ ఇంకా నిండుగా ఉంది. ఈసారి అవతలి పక్కన కాదు, గేటుకి ఆనించి, చిలక బొమ్మ వీధి వైపు ఉండేలా బండి నిలిపాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా లేదు, పొద్దుటి నుంచీ చెమటతో తడిసిన మామూలు టీషర్టు. పేరు వెలాఫీ అని చెప్పాడు.

"అంత ధైర్యం ఎలా వచ్చింది బాబా?" అని నేనే అడిగాను. ఉండబట్టలేదు.

"ధైర్యం కాదు, నవ్వొచ్చింది," అన్నాడు వెలాఫీ. "నన్ను వెతికి పట్టుకుంటారని ఇన్నేళ్లు వణికా. తీరా వాళ్లు వెతకడం మొదలుపెడితే చూశాగా. ఒక్కడూ నావైపు తిరగలేదు. ఎవడి గొడవ వాడిదే."

మర్నాడు స్టాండులో ఇద్దరు డ్రైవర్లు ఆయనతో మాటలు మానేశారు. మూడోవాడు మాత్రం పక్కకి తీసుకెళ్లి, ఖుంబు దగ్గర చేపల కూర బాగుంటుందట నిజమేనా అని అడిగాడు. అదంతా తరవాతి సంగతి. ఆ మధ్యాహ్నం ల్వాండీలేని సబ్బూ బ్రష్షూ ఇచ్చి ఖుంబు వ్యానులోకి తోలింది. వెలాఫీని నుదుటి మీద కుట్ల మచ్చ ఉన్న మెకానిక్ ఎంపుమెలెలోకి ఎదురుగా కూర్చోబెట్టింది. నేను పక్క బల్ల మీదే ఉన్నాను. ఇద్దరూ ప్రేమ గురించి ఏదైనా అంటారేమోనని చెవులు రిక్కించాను.

బ్రేకుల గురించి మాట్లాడుకున్నారు. వెనక చక్రం కీచుమంటోందని వెలాఫీ, ఆ కంపెనీ బ్రేకు లైనింగ్ కొనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి జనానికి అని మెకానిక్. సీసా అయిపోయింది, ఇంకోటి వచ్చింది, బ్రేకులు అవలేదు. ఈ పేటలో పెద్దమనుషులు మూయించాలని చూస్తున్నది దీన్నే.